చమురు దొరికింది, ఓడ దొరకలేదు
జపాన్ ఆక్రమణలో డచ్ ఈస్టిండీస్, 1942–45 (ప్రసంగ పాఠం)

నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలున్నాయి. నాకిచ్చిన విషయం "రెండో ప్రపంచయుద్ధం, ఆగ్నేయాసియా". అదంతా గంటలో చెప్పడం నా వల్ల కాదు. ఒక్క దేశం తీసుకుంటాను. ఇప్పుడు ఇండోనేషియా అంటున్నాం, అప్పట్లో డచ్ ఈస్టిండీస్. దాని గురించైనా అన్నీ చెప్పను. అక్కడి ఊళ్లు, అక్కడి సరుకులు, ఆ సరుకుల కోసం వచ్చినవాళ్లు వాటిని ఏం చేసుకోగలిగారు. అంతవరకే.

బోర్నియోకి ఈశాన్యంగా, ఒడ్డుకి దగ్గర్లో, తారకాన్ అని ఒక చిన్న దీవి ఉంది. మ్యాపులో వెతుక్కోవాలి. 1942 జనవరి 11న జపాన్ బలగాలు ఆ వలస రాజ్యంలో మొదటిసారి దిగింది అక్కడా, సెలబిస్ దీవి (ఇప్పటి సులవేసి)లోని మనాడోలోనూ. అంత చిన్న దీవి మీదకి అంత సైన్యం ఎందుకూ అంటే, అక్కడి ముడిచమురు ఎంత మేలురకమంటే శుద్ధి చెయ్యకుండా నేరుగా ఓడ బాయిలర్లకి వాడుకోవచ్చు. నౌకాదళానికి అంతకంటే ఏం కావాలి?

దీనికి ఆర్నెల్ల ముందు జరిగింది చూడాలి. 1941 జులైలో జపాన్ దక్షిణ ఇండోచైనాలో సైన్యాన్ని దింపింది. వెంటనే అమెరికా తన దగ్గరున్న జపాన్ ఆస్తుల్ని స్తంభింపజేసింది. బ్రిటన్, ఈస్టిండీస్ రాజధాని బటావియాలోని డచ్ ప్రభుత్వం కూడా అదే దారి పట్టాయి. చమురు ఆగిపోయింది. జపాన్ వాడే చమురులో దాదాపు 80 శాతం అమెరికాదే మరి. ఉన్న నిల్వలు మహా అయితే రెండేళ్లు. దక్షిణాన చూస్తే డచ్ ఈస్టిండీస్, 1940లో 6.5 కోట్ల పీపాల చమురు తీసిన దేశం. పైగా అప్పటికే హాలండ్ హిట్లర్ చేతిలో పడి ఏడాది దాటింది, రాణి లండన్‌లో తలదాచుకుంటోంది. యజమాని ఇల్లు దొంగలపాలైంది, బజార్లో కొట్టు మాత్రం తెరిచే ఉంది. అదీ పరిస్థితి.

డచ్చివాళ్లకీ ఇదంతా తెలుసు. అందుకే చమురు ఊళ్లలో ముందునుంచే విధ్వంస దళాలని తయారుచేసి పెట్టుకున్నారు. తమ నూనెబావుల్ని తామే పాడుచెయ్యడానికి. బోర్నియో తూర్పు తీరాన బాలిక్‌పాపన్‌లో ఎలా చేశారో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే "తగలబెట్టారు" అని ఒక్క ముక్కలో అనేస్తే ఆ పని ఎంత కష్టమో తెలీదు. చమురు బావికి నిప్పుపెడితే అది మండుతుంది, కొన్నాళ్లకి ఆర్పుకోవచ్చు. బావి నిజంగా చావాలంటే లోపల పూడుకుపోవాలి. కాబట్టి ముందు బావిలోని గొట్టాలు పైకి లాగి, కోసి, పంపులూ కడ్డీలతో సహా మళ్లీ ఆ బావిలోకే జారవిడిచారు. వాటి మీద దొరికిన ఇనపసామానంతా, నట్లు, బోల్టులు, బరువైన డ్రిల్లు మొనలు వేశారు. ఆఖర్న పేలుడు మందు దింపి పేల్చారు. ఒకటి కాదు రెండు కాదు, క్షేత్రంలో ఉన్న బావులన్నీ అలాగే. ఇక రిఫైనరీ, నిల్వ ట్యాంకులు, రేవు గట్టు సరేసరి. తరాల తరబడి కట్టుకున్నదాన్ని అక్కడి ఇంజనీర్లే తమ చేతుల్తో కూల్చుకున్నారు.

జపాన్ వాళ్లు ఊరుకున్నారా? తారకాన్‌లో పట్టుబడ్డ ఇద్దరు డచ్ అధికారుల చేత బాలిక్‌పాపన్‌కి కబురు పంపారు. సౌకర్యాలు చెడగొడితే ఒక్కణ్ణి కూడా బతకనివ్వం అని. చెడగొట్టారు. జనవరి 24న జపాన్ సైన్యం ఊళ్లోకొచ్చింది. సరిగ్గా నెల తర్వాత, ఫిబ్రవరి 24న, 78 మందిని సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్లి చంపేశారు. వాళ్లలో యుద్ధఖైదీలున్నారు, మామూలు పౌరులూ ఉన్నారు.

ఈ అనుభవం చూశాక పాలెంబాంగ్ విషయంలో జపాన్ ఎత్తు మార్చింది. పాలెంబాంగ్ దక్షిణ సుమత్రాలో మూసి నది ఒడ్డున ఉన్న పాత పట్నం. ఆ నదీతీరానే రెండు పెద్ద రిఫైనరీలు: ప్లాజులో షెల్ కంపెనీది, సుంగై గెరోంగ్‌లో అమెరికా కంపెనీది. ఓడల మీద వస్తే కనబడతాం, ఈలోగా కాల్చేస్తారు. అందుకని ఫిబ్రవరి 14న ఆకాశం నుంచి పారాచూట్లతో దిగారు. ప్లాజు చాలామటుకు చెక్కు చెదరకుండా చేతికొచ్చింది. సుంగై గెరోంగ్ మాత్రం చాలావరకు కాలిపోయింది. ఆ తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. ఫిబ్రవరి 27న జావా సముద్రంలో మిత్రపక్షాల నౌకాదళం ఓడింది. దాని అధిపతి కారెల్ డోర్మాన్ తన ఓడతోపాటే మునిగిపోయాడు. మార్చి 8న జావాలోని కాలిజాతి విమానాశ్రయంలో డచ్చివాళ్లు లొంగిపోయారు. తారకాన్ నుంచి లెక్కేస్తే రెండు నెలలు కూడా పట్టలేదు.

ఇక్కడ మనవైపు ఒకసారి చూద్దాం. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన సంగతి మన పెద్దవాళ్లు చెప్పగా చాలామంది వినే ఉంటారు. ఆ విమానాలు లేచింది ర్యూజో అనే వాహక నౌక మీద నుంచి. ఆ ర్యూజోయే అంతకు రెండు నెలల ముందు పాలెంబాంగ్ దండయాత్రకి కాపు కాసింది. దళపతీ ఒక్కడే, ఒజావా. కొలంబో, ట్రింకోమలీల మీద దాడిచేసిన నగుమో నౌకాదళమైతే మార్చి 26న సెలబిస్‌లోని కెందారి దగ్గరి రేవు నుంచే బయల్దేరింది. అంటే డచ్ రేవు పట్టుకున్న రెండు నెలలకే అక్కణ్ణించి బంగాళాఖాతం దాకా వచ్చారు. ఆ వారం మన కోస్తా జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరుగులు తీసింది ఊరికే కాదు.

(సభలోంచి ఒకాయన: బావులన్నీ పూడ్చేశారన్నారు కదండీ, మరి వాళ్లకి చమురెలా వచ్చింది?)

మంచి ప్రశ్న అడిగారండీ. వచ్చింది. డచ్చివాళ్లు అనుకున్నదానికంటే త్వరగానే వచ్చింది. జపాన్ తన దేశంలోని చమురు కార్మికుల్ని, ఇంజనీర్లని పెద్ద సంఖ్యలో ఇక్కడికి పంపింది. అందులో ఒక దెబ్బ తగిలింది కూడా: అలాంటి నిపుణుల్ని తీసుకొస్తున్న తైయో మారు అనే ఓడని 1942 మే 8న అమెరికన్ జలాంతర్గామి ముంచేసింది. ఎక్కువమంది పోయారు. అయినా పని ఆగలేదు. పూడిన బావుల పక్కన కొత్తవి తవ్వారు, కాలిన రిఫైనరీలని అతుకులేసి నిలబెట్టారు. 1942లో 2.59 కోట్ల పీపాలు, 1943లో 4.96 కోట్ల పీపాలు తీశారు. యుద్ధానికి ముందటి దాంట్లో మూడొంతులు. కాబట్టి "జపాన్ చమురు కోసం వెళ్లి చమురు దక్కించుకోలేకపోయింది" అని కొందరు రాసేది నిజం కాదు. చమురు దక్కింది. దాన్ని ఇంటికి చేర్చుకోవడమే చేతకాలేదు. చేతికందింది నోటికందలేదు అంటాం చూడండి, అదీ.

ట్యాంకర్లు చాల్లేదు. ఉన్నవాటి మీద అమెరికన్ జలాంతర్గాములు కన్నేశాయి. మొదట్లో వాళ్ల టార్పెడోలు సరిగ్గా పేలేవి కావు, ఆ లోపం సరిదిద్దుకున్నాక 1943 చివరి నుంచి ట్యాంకర్లు వరసపెట్టి మునగడం మొదలైంది. చివరికి ఎక్కడిదాకా వచ్చిందంటే, చమురు నౌకాదళం దగ్గరికి రాలేకపోయేసరికి నౌకాదళమే చమురు దగ్గరికి పోయింది. 1944లో యమాటో, ముసాషీ లాంటి మహా యుద్ధనౌకలు జపాన్ వదిలేసి, సుమత్రాకి తూర్పున లింగా దీవుల దగ్గర లంగరేసుకున్నాయి. పాలెంబాంగ్ చమురు అక్కణ్ణించి దగ్గర కదా! అదే సమయంలో జపాన్‌లో బడిపిల్లలు అడవుల్లో పైన్ చెట్ల వేళ్లు తవ్వుతున్నారు, వాటిని వేడిచేసి విమాన ఇంధనం తియ్యడానికి. రెండు వందల వేళ్లతో విమానం గంటసేపు ఎగురుతుందని ప్రచారం చేశారు. సుమత్రాలో ట్యాంకులు నిండి ఉన్నాయి, స్వదేశంలో చెట్ల వేళ్లు పిండుకుంటున్నారు. 1945 జనవరిలో బ్రిటిష్ వాహక నౌకల విమానాలు పాలెంబాంగ్ రిఫైనరీల మీద రెండుసార్లు దాడిచేశాయి. ఆ వసంతానికి దక్షిణం నుంచి జపాన్‌కి చమురు రావడమే నిలిచిపోయింది.

మిగతా సరుకుల సంగతి కాస్త గబగబా చెప్పేస్తాను. బంకా, బెలిటుంగ్ దీవుల తగరం, బిన్తాన్ బాక్సైట్, సెలబిస్‌లో పోమలా నికెల్, ఇవన్నీ జపాన్‌కి పనికొచ్చాయి. రబ్బరు, పంచదార, తేయాకు, కాఫీ మాత్రం కొండల్లా పేరుకుపోయాయి. ప్రపంచానికంతటికీ అమ్మడం కోసం పెంచిన తోటలివి, ఆ ప్రపంచం ఇప్పుడు శత్రుపక్షంలో ఉంది. జావాలో పంచదార మిల్లులు చాలావరకు మూతపడ్డాయి. కొన్నింటిని బ్యూటనాల్ తయారీకి మార్చారు, విమాన ఇంధనంలోకి. తేయాకు, కాఫీ తోటలు ఎన్నో కొట్టేసి తిండిపంటలు వెయ్యమన్నారు.

అవతలిపక్షానికి మాత్రం జావా పోవడం గట్టి దెబ్బే. ప్రపంచంలో దొరికే క్వినైన్‌లో సుమారు 90 శాతం జావా సింకోనా బెరడు నుంచే వచ్చేది, బాండుంగ్‌లో దాని పెద్ద కర్మాగారం ఉండేది. న్యూగినీ అడవుల్లో, బర్మా సరిహద్దులో మలేరియాతో పడిపోతున్న సైనికులకి ఆ మందు లేకుండా పోయింది. ఒళ్లు పసుపుపచ్చగా మార్చే అటెబ్రిన్ బిళ్లలతో సరిపెట్టుకున్నారు. ఇంకొకటి, తెల్లబూరుగు దూది. నావికుల లైఫ్ జాకెట్లలో కూరేది అదే, ఎక్కువభాగం జావాదే. అది ఆగిపోవడంతో 1944లో అమెరికాలో బడిపిల్లలు పొలాల గట్ల వెంట తిరిగి, మన జిల్లేడుకి చుట్టమయ్యే ఒక మొక్క కాయల్ని గోతాల కొద్దీ ఏరారు, వాటిలోని దూది కోసం. యుద్ధంలో రెండు వైపులా పిల్లలకి పని పడింది, ఒకచోట వేళ్లు, ఒకచోట కాయలు.

ఇక ఊళ్లు. జపాన్ ఈ దేశాన్ని మూడు ముక్కలు చేసింది. జావా 16వ సైన్యానికి, సుమత్రా 25వ సైన్యానికి, బోర్నియోతో సహా తూర్పు దీవులన్నీ నౌకాదళానికి. నౌకాదళం మకస్సర్‌లో కూర్చుంది. సుమత్రా పాలన మొదట సింగపూర్ నుంచి నడిచి, తర్వాత బుకిట్‌తింగ్గికి చేరింది. కాగితం మీద ఒకే సామ్రాజ్యం. కానీ ఈ ముక్కకీ ఆ ముక్కకీ మధ్య సరుకు కదలడం దాదాపు ఆగిపోయింది. డచ్చివాళ్ల కాలంలో దీవుల్ని కలిపిన ఓడలు కొన్ని పారిపోయాయి, కొన్ని మునిగాయి, మిగిలినవి సైన్యం వాడుకుంది. జావా ఉత్తర తీరంలో లాసెమ్, రెంబాంగ్ లాంటి చోట్ల టేకు నరికి చెక్క ఓడలు కట్టించారు. రైళ్లకి బొగ్గు లేక ఇంజన్లలో ఆ టేకే పోశారు. కొన్ని బ్రాంచి లైన్ల పట్టాలు పీకి వేరే దేశాల్లో రైలుమార్గాలకి పట్టుకుపోయారు.

బటావియా పేరు 1942 డిసెంబరులో జకార్తా అయింది. 1943లో ఆ నగరాన్ని స్థాపించిన డచ్ గవర్నర్ కూన్ విగ్రహం దించేశారు. గడియారాలు టోక్యో సమయానికి తిప్పమన్నారు, 1942ని జపాన్ శకం ప్రకారం 2602 అని రాయమన్నారు. డచ్ భాష నిషేధం. తమాషా ఏమిటంటే, మొదట విడుదల చేసిన ఆక్రమణ నోట్ల మీద అక్షరాలు డచ్చిలోనే ఉన్నాయి! యుద్ధానికి ముందే అచ్చేసి తెచ్చుకున్నారు మరి. డచ్ పౌరులు లక్షమంది దాకా నిర్బంధ శిబిరాల పాలయ్యారు, ఆడవాళ్లూ పిల్లలూ ఒకచోట, మగవాళ్లు ఇంకోచోట. జకార్తాలో చిడెంగ్ శిబిరం గురించి చాలా రాతలొచ్చాయి, అక్కడి బాధలు నిజమైనవే. కానీ యూరప్‌లో అచ్చయిన పుస్తకాలు చదివితే ఆ యుద్ధం అంతా ఆ ముళ్లకంచె లోపలే జరిగిందనిపిస్తుంది. కంచె బయట కోట్ల మంది జావా రైతులున్నారు.

వాళ్ల దగ్గరికే వస్తున్నాను. మొదట్లో జనం జపాన్ సైన్యానికి జెండాలూపిన మాట వాస్తవం. డచ్చివాళ్ల పీడ వదిలిందనుకున్నారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డారు. 1943 నుంచి వడ్లు నిర్బంధంగా సేకరించడం మొదలైంది. ధర ప్రభుత్వం పెట్టిందే, అది బజారు ధరలో చిన్న వంతు. దానికి తోడు ఒక జిల్లా బియ్యం ఇంకో జిల్లాకి పోకూడదని ఆంక్ష. ఎవరి తిండి వాళ్లే పండించుకోవాలన్నది వాళ్ల సిద్ధాంతం. పండే చోట రైతు దాచుకున్నాడు, లేదా పండించడమే తగ్గించాడు. కరువొచ్చిన చోటికి గింజ చేరలేదు. 1944 వచ్చేసరికి జావాలో వరి దిగుబడి యుద్ధానికి ముందు కంటే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో తాసిక్‌మలయా దగ్గర సింగపర్ణలో జైనల్ ముస్తఫా అనే ముస్లిం పండితుడి వెంట రైతులు తిరగబడ్డారు. టోక్యో వైపు తిరిగి వంగి దణ్ణం పెట్టమనడం ఒక కోపం, వడ్లు ఊడ్చుకుపోవడం ఇంకో కోపం. తిరుగుబాటుని అణిచేశారు, ఆయన్ని చంపేశారు. 1944, 45 సంవత్సరాల్లో జావాలో ఆకలితో, రోగాలతో పోయినవాళ్లు 24 లక్షలని చరిత్రకారుల అంచనా ఒకటుంది.

ఇది వింటుంటే మీకు 1943 బెంగాల్ గుర్తొస్తూ ఉండాలి. అక్కడ పాలకులు బ్రిటిష్‌వాళ్లు. జపాన్ వస్తే దొరక్కూడదని తీరప్రాంతంలో పడవలు లాక్కున్నారు, బియ్యం తరలించారు. బర్మా బియ్యం రాక ఆగిపోయింది, రాష్ట్రాల మధ్య ధాన్యం కదలనివ్వలేదు. ఒకరితో ఒకరు చావోరేవో పోరాడుతున్న రెండు సామ్రాజ్యాలు, తమ చేతికింది జనం విషయంలో మాత్రం ఒకేలా నడుచుకున్నాయి. ఈ రెండు కరువుల్నీ పక్కపక్కన పెట్టి చదవాలంటాను నేను.

తిండి ఒకటే కాదు, బట్ట కూడా కరువే. జావాకి వస్త్రాలు ఎక్కువగా బయట్నుంచే వచ్చేవి. ఒకప్పుడు, డచ్ కంపెనీ రోజుల్లో, మన మచిలీపట్నం అద్దకం గుడ్డలు ఆ దీవులకే పోయేవి, వాటికి మారుగా జాజికాయ, లవంగం తెచ్చుకునేవాళ్లు. బందరులో వలందపాలెం, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు ఆ వ్యాపారం గుర్తులే. 1944కి వచ్చేసరికి ఆ దేశంలో జనం గోనెసంచులు తొడుక్కున్నారు. సంచికి తలకో కన్నం, చేతులకి రెండు కన్నాలు. గోనె నిండా పేలు. కొన్నిచోట్ల రబ్బరు పలకల్ని లుంగీల్లా చుట్టుకున్నారు, రబ్బరుకి కొదవలేదు కదా. ఎండకి అది ఒంటికి అంటుకుపోయేది. శవాలకి కప్పడానికి తెల్లగుడ్డ దొరక్క చాపలో చుట్టి పూడ్చారు. ముస్లిం సమాజంలో అది ఎంత అవమానమో చెప్పక్కర్లేదు. అదే సమయంలో ఇంటింటా, రోడ్ల పక్కన, ఖాళీ జాగాల్లో ఆముదం మొక్కలు పెట్టమని ఆజ్ఞ. విమాన ఇంజన్లకి కందెన కావాలి. అన్నం పండించాల్సిన చేతులు ఆముదం గింజలు కోశాయి.

చేతుల మాట వచ్చింది గనక రోమూషాల గురించి చెప్పాలి. రోమూషా అంటే కూలీ, ఆచరణలో వెట్టి. ఊరిపెద్దకి ఇంతమందని లెక్క పెట్టేవాళ్లు, అతను ఊళ్లో దిక్కులేనివాళ్లని ముందు పంపేవాడు. తర్వాత ఇండోనేషియా తొలి అధ్యక్షుడైన సుకర్ణో స్వయంగా పార పట్టుకుని ఫోటోలు దిగి ప్రచారం చేశాడు. ఆయన అభిమానులకి ఇప్పటికీ ఇది మింగుడుపడని విషయమే. జావా లోపల లక్షల మంది పనిచేశారు. జావా దాటించింది 2,70,000 మందికి పైగా అనీ, యుద్ధం తర్వాత తిరిగి చేర్చింది 52,000 మందినే అనీ సాధారణంగా చెప్పే లెక్క. జావా పడమటి కొసన బయా అనే చోట నాసిరకం బొగ్గు గనులుండేవి. మంచి బొగ్గు ఓడల్లో రావడం ఆగిపోయింది కాబట్టి ఆ నాసిరకానికే గిరాకీ వచ్చింది. ఆ గనుల ఆఫీసులో ఇల్యాస్ హుస్సేన్ అనే గుమాస్తా ఒకడు చేరాడు. అతని అసలు పేరు తాన్ మలాకా, ఇరవై ఏళ్లుగా దేశదేశాల పోలీసులు వెతుకుతున్న విప్లవకారుడు. ఆ కూలీల బతుకుల్ని దగ్గర్నుంచి చూసి రాసిన కొద్దిమందిలో అతనొకడు.

ఆఖరిగా సుమత్రా రైలుమార్గం. పడమటి సుమత్రా గనుల బొగ్గుని, తూర్పున నదీ రేవైన పెకన్‌బారుకి చేర్చి, అటునుంచి సింగపూర్ పంపాలని ఆలోచన. పడమటి తీరం చుట్టూ తిరిగే ఓడల్ని జలాంతర్గాములు ముంచుతున్నాయి కాబట్టి అడవిలో 220 కిలోమీటర్ల పట్టాలు. లక్షమంది దాకా రోమూషాలు పనిచేశారంటారు, బతికి ఇంటికెళ్లినవాళ్లు తక్కువ. ఆ పనికే మనుషుల్ని తెస్తున్న జున్యో మారు అనే ఓడని 1944 సెప్టెంబరు 18న బ్రిటిష్ జలాంతర్గామి ముంచింది, లోపల ఎవరున్నారో తెలీకుండానే. 5,600 మంది దాకా చనిపోయారు. వాళ్లలో నాలుగు వేలకి పైగా జావా కూలీలు. లైను పూర్తయింది 1945 ఆగస్టు 15న. జపాన్ చక్రవర్తి లొంగుబాటు ప్రకటించిన రోజు.

అదే పెకన్‌బారుకి కాస్త ఉత్తరంగా మినాస్ అని ఒక చోటుంది. యుద్ధానికి ముందు కాల్టెక్స్ కంపెనీ భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడ తవ్వాలని గుర్తుపెట్టుకుని, సామాను తెచ్చి, జపాన్ రావడంతో అలాగే వదిలేసి వెళ్లారు. జపాన్ వాళ్లు అదే సామానుతో, అదే చోట 1944లో బావి తవ్వారు. చమురు పడింది. ఆగ్నేయాసియాలోకెల్లా పెద్ద చమురు క్షేత్రం అది. దాన్ని బయటికి తీసుకుపోయే గొట్టాలూ లేవు, ఓడలూ లేవు. యుద్ధం అయ్యాక కాల్టెక్స్ తిరిగొచ్చి, 1952లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇండోనేషియా ముడిచమురుకి అతిపెద్ద ఖాతాదారు జపానే. రొక్కం ఇచ్చి, సొంత ట్యాంకర్లలో పట్టుకెళ్లింది.

నా వంతు అయిపోయింది. ఇందాక అడిగినాయన ఇంకేదో అడగబోయి ఆగారు, మైకు ఆయనకివ్వండి.